కెనరా బ్యాంకు కాగితాల నుంచి క్లౌడ్ ఖాతాల దాకా

2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలోని 247వ సెక్షన్‌పై వాదన మళ్లీ రాజుకుంది. సోదాకు వచ్చిన అధికారి పాస్‌వర్డ్‌ను ఛేదించి ఈమెయిల్, సామాజిక మాధ్యమ ఖాతాలు, క్లౌడ్‌లో దాచుకున్నవి తెరవవచ్చా అన్నదే తగువు. ఈ చర్చలో అందరూ గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పిన 2017 నాటి పుట్టస్వామి తీర్పునే ఉదహరిస్తారు. సోదాల మటుకు అసలు మలుపు అంతకు పదమూడేళ్ల ముందే, హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రారుకూ కెనరా బ్యాంకుకూ మధ్య నడిచిన స్టాంపు డ్యూటీ వ్యాజ్యంలో వచ్చింది.

స్టాంపు చట్టంలోని 73వ సెక్షన్‌ను ఆంధ్రప్రదేశ్ 1986లో సవరించింది. అప్పటిదాకా ప్రభుత్వాధికారుల రికార్డులకే పరిమితమైన తనిఖీ దానితో బ్యాంకుల దగ్గరున్న ప్రైవేటు దస్తావేజులకూ పాకింది. కలెక్టరు రాతపూర్వకంగా అనుమతిస్తే చాలు, 'ఏ వ్యక్తి అయినా' వెళ్లి వాటిని చూడవచ్చు, నకలు రాసుకోవచ్చు. అప్పు కోసం ఖాతాదారు బ్యాంకులో పెట్టిన తనఖా పత్రం అతనికి తెలియకుండానే మూడో మనిషి చేతిలో పడే ఏర్పాటు ఇది.

ఆ సవరణను హైకోర్టు కొట్టివేయగా, 2004 నవంబరులో జస్టిస్ లహోటీ, జస్టిస్ అశోక్ భాన్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం హైకోర్టు తీర్పును సమర్థించింది. బ్యాంకు చేతికి వెళ్లిన కాగితంపై ఖాతాదారుకు గోప్యత ఉండదని 1976లో మిల్లర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పినదాన్ని మన న్యాయమూర్తులు అంగీకరించలేదు. గోప్యత మనిషికి చెందినది, చోటుకు కాదు. నమ్మి మరొకరి దగ్గర దాచినంత మాత్రాన అది పోదన్నారు. బ్యాంకు ఉన్నచోట క్లౌడ్ సర్వరును పెట్టి చదివితే ఈ తీర్పు ఇవాళ్టి తగువుకే రాసినట్టుంటుంది.

పన్ను సోదాల చట్టం మాత్రం ఎదురు దిక్కున నడిచింది. సోదా అక్రమమైనా దొరికిన ఆధారం చెల్లుతుందని 1973లో పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సోదాకు మూలమైన 'నమ్మడానికి కారణం', అంటే దాచిన ఆదాయం ఉందని అధికారి ఎందుకు నమ్మాడో, అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు కూడా వెల్లడించకూడదని 2017 ఆర్థిక చట్టం, 1962 నుంచే వర్తించేలా, రాసింది. పుట్టస్వామి తీర్పు వచ్చింది కూడా ఆ ఏడాదే.

247లోనివి కొత్త అధికారాలు కావు, పాత ఆదాయపు పన్ను చట్టం 132వ సెక్షన్‌లోనివే, సోదా సమయంలో మాత్రమే వాడతాం అంటోంది ప్రభుత్వం. అది కొంతవరకు నిజమే. అయితే బీరువా తాళం పగలగొడితే బయటపడేది ఆ బీరువాలోని సరుకే. ఫోను తెరిస్తే లెక్కల పక్కనే డాక్టరు రిపోర్టులు, భార్యాభర్తల సంభాషణలు ఉంటాయి. వాటి ముందు ఆగాలన్న గీత 247లో ఎక్కడా లేదు.