చిన్న మాత్ర, చెప్పని మాటలు: ఏఆర్‌టీ మందులపై అపోహలు – వాస్తవాలు

మా కౌంటర్ పక్కన ఒక చెత్తబుట్ట ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి అది చిరిగిన లేబుళ్లతో నిండిపోతుంది. డబ్బా చేతికి అందగానే చాలామంది ఓ పక్కకి వెళ్లి, దాని మీది కాగితాన్ని గోటితో గీకి నున్నగా చేసుకుని, టిఫిన్ బాక్సు సంచిలో అడుగున పెట్టుకుని వెళ్లిపోతారు. విశాఖపట్నంలో ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు రోజూ వాడే మందులు, ఇచ్చే ఫార్మసిస్టుగా ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఎవర్నీ తప్పు పట్టలేదు. అత్తగారు చదివించుకుంటుందేమో, హాస్టల్లో పక్క మంచం కుర్రాడు పేరు కొట్టి వెతుకుతాడేమో! ఎవరి భయం వాళ్లది. లేబుల్ గీక్కోండి. కాకపోతే ముందుగా ఎక్స్‌పైరీ తేదీ ఒక్కటి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

నా బాధల్లా ఏమిటంటే, ఊళ్లోవాళ్ల దగ్గర దాచే అలవాటులో మా దగ్గర కూడా దాచేస్తారు. మధ్యలో వేసుకున్న గ్యాస్ మాత్ర, ఎవరో ఇచ్చిన పసరు, మానేసిన పది రోజులు. మేం అడిగితే "అన్నీ కరెక్టుగానే వాడుతున్నానండీ" అంటారు. అందుకే కౌంటర్ దగ్గర నేను రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. మనుషుల ఆనవాళ్లు మాత్రం మార్చేశాను.

అపోహ: ఊరికే ఇచ్చేది కాబట్టి నాసిరకం మందు. డబ్బు పెట్టి కొంటే బాగా పనిచేస్తుంది.

మన ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టే పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిపి ఒకటే మాత్ర, రోజుకి ఒక్కసారి. బయట డబ్బు పెట్టి కొన్నా అవే మూడు మందులు. ఇంకో మాట. మన పరవాడ, అచ్యుతాపురం వైపు కంపెనీ బస్సులు వెళ్తుంటాయి చూడండి, అక్కడ లారస్ ల్యాబ్స్ లాంటి కంపెనీలు హెచ్‌ఐవీ మందులు తయారుచేసి విదేశాలకు పంపుతున్నాయి. ఎక్కడో ఆఫ్రికాలో ఒకరు నమ్మకంగా వేసుకుంటున్న మాత్ర మన జిల్లాల నుంచే వెళ్లి ఉండొచ్చు. మనకేమో ఇక్కడ అనుమానం!

అపోహ: రిపోర్టులో వైరస్ లేదని వచ్చింది. ఇంక మందు మానేయొచ్చు.

ఇది ఎంత ప్రమాదకరమో అంత సహజమైన అపోహ. రక్తంలో వైరస్ ఎంతుందో లెక్కపెట్టే వైరల్ లోడ్ రిపోర్టులో 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అని ఉంటుంది. ఇంగ్లిష్ వచ్చిన మనవడో మనవరాలో "లేదంట నాయనమ్మా" అని చదివి చెబుతారు. ఇంటిల్లిపాదికీ పండగ. ఆ రిపోర్టుకి అర్థం, రక్తంలో తిరిగే వైరస్ మా మెషీన్ లెక్కపెట్టలేనంత తక్కువగా ఉందని మాత్రమే. కొన్ని కణాల్లో వైరస్ నిద్రపోతూ ఉంటుంది. మేలుకోని వైరస్‌ని ఈ మందులు ఏమీ చేయలేవు. మాత్ర మానేస్తే చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లోనే వైరస్ మళ్లీ లేస్తుంది. మనిషికి మాత్రం ఏ తేడా తెలీదు. జ్వరం రాదు, దగ్గు రాదు. ఆరు నెలలు బాగానే తిరిగి, ఏడో నెలలో టీబీతోనో నోరంతా తెల్లపూతతోనో వస్తారు.

'కొన్నాళ్లు వాడి, కొన్నాళ్లు ఆపి చూద్దాం' అన్న ఆలోచన డాక్టర్లకి కూడా వచ్చింది. స్మార్ట్ అనే పెద్ద అంతర్జాతీయ అధ్యయనంలో అదే పరీక్షించారు. ఆపి ఆపి వాడినవాళ్లలో జబ్బులూ మరణాలూ ఎక్కువని 2006లో తేలిపోయింది. ఆ ప్రయోగం మళ్లీ మీ ఒంటి మీద చేయాల్సిన పని లేదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. రిపోర్టు చూసి సంతోషపడ్డ ఒకాయన నమ్మకం కుదరక జగదాంబ దగ్గర ప్రైవేటు ల్యాబులో మామూలు హెచ్‌ఐవీ టెస్టు చేయించుకున్నాడు. పాజిటివ్ వచ్చింది. "మీరు అబద్ధం చెప్పారు" అని నా మీదకే వచ్చాడు పాపం. ఆ టెస్టు వెతికేది వైరస్‌ని కాదు. వైరస్ మీద మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలని వెతుకుతుంది. అవి ఉండిపోతాయి. మందు పనిచేస్తోందో లేదో చెప్పేది వైరల్ లోడ్ ఒక్కటే. మందు మొదలెట్టాక ఆరో నెలలో, పన్నెండో నెలలో, ఆ తర్వాత ఏడాదికోసారి చేస్తారు. ఆ తేదీ తప్పించుకోకండి.

లామివుడిన్, టెనోఫోవిర్ రెండూ హెపటైటిస్ బీ మీద కూడా పనిచేస్తాయి. ఆ జబ్బు కూడా ఉన్నవాళ్లు చెప్పాపెట్టకుండా మానేస్తే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినొచ్చు.

అపోహ: గ్యాస్ మాత్రే కదా, ఐరన్ మాత్రే కదా. వాటికీ వీటికీ ఏం సంబంధం?

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

గాజువాక వైపు నుంచి వచ్చే ఒకావిడ. నెలనెలా డబ్బా తెచ్చి ముందు పెట్టేది. మిగిలిన మాత్రలు లెక్కపెడితే ఒక్కటి అటూ ఇటూ అయ్యేది కాదు. అలాంటిది వైరల్ లోడ్ వేలల్లో వచ్చింది. సెంటర్‌కి వచ్చే రోజు పొద్దున్నే మిగిలిన మాత్రలు పారబోసి లెక్క సరిచేసుకొచ్చేవాళ్లని నేను చూశాను. ఈవిడా అంతే అనుకున్నాను. "ఎందుకమ్మా అబద్ధాలు" అని నలుగురూ ఉండగా అనేశాను. ఆవిడ ఏమీ అనలేదు. కళ్లు దించుకుని డబ్బా మూత తిప్పుతూ కూర్చుంది.

వైరల్ లోడ్ వెయ్యి దాటితే మూడు నెలలు కౌన్సెలింగ్ ఇచ్చి మళ్లీ పరీక్ష చేస్తారు. ఆ కౌన్సెలింగ్‌లో మా కౌన్సెలర్ "మందు వేసుకున్నది మొదలు పడుకునేదాకా ఏమేం చేస్తావో చెప్పమ్మా" అని తాపీగా అడిగింది. అన్నం తిన్నాక మాత్ర, దాని వెనకే కడుపులో మంటకి గులాబీ రంగు గ్యాస్ సిరప్పు రెండు మూతలు. రోజూ. ముందే చెప్పొచ్చు కదమ్మా అంటే, "కడుపులో మంటకి ఏసుకున్నదాన్ని కూడా సెప్పాలేటి మేడమ్?" అంది.

చెప్పాలి. అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గ్యాస్ సిరప్పులు, చప్పరించే గ్యాస్ మాత్రలు డోలుటెగ్రావిర్‌ని కడుపులోనే పట్టేసుకుంటాయి. రెండూ ఒకేసారి పడితే రక్తంలోకి చేరాల్సిన మందులో నాలుగింట మూడొంతుల దాకా తగ్గిపోతుంది. అంటే ఆవిడ మాత్ర మింగుతోంది, మందు మాత్రం సగం కూడా అందట్లేదు. లెక్క కరెక్టే, మనిషి కరెక్టే. నేను వేసిన నింద ఒక్కటే తప్పు. తర్వాతి నెల క్షమించమని అడిగాను. "పోన్లెండి మేడమ్" అంది. అప్పటినుంచి ఎవరి వైరల్ లోడ్ పెరిగినా నా మొదటి ప్రశ్న, "ఇది కాకుండా ఇంకేం వేసుకుంటున్నారు?"

లెక్క ఇలా గుర్తుపెట్టుకోండి. అలాంటి గ్యాస్ సిరప్పు తప్పనిసరైతే, ఏఆర్‌టీ మాత్ర దానికి రెండు గంటల ముందైనా వేసుకోవాలి, లేదా ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకి కూడా ఇదే లెక్క. కాకపోతే వాటికి ఒక వెసులుబాటు ఉంది. కడుపునిండా అన్నం తింటూ అయితే రెండూ కలిపి వేసుకోవచ్చు. ఖాళీ కడుపున కలపకూడదు. గర్భిణులకి ఐరన్, కాల్షియం ఎలాగూ ఇస్తారు కాబట్టి వాళ్లకి ఇది మరీ ముఖ్యం. పొద్దున పరగడుపున వేసుకునే పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలతో డోలుటెగ్రావిర్‌కి పేచీ లేదు. 'గ్యాస్ మాత్ర' అంటే ఏదో మాకూ తెలీదు, అందుకే స్ట్రిప్పు తెచ్చి చూపించమంటాం.

ఇంకొన్ని ఉన్నాయి. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో డోలుటెగ్రావిర్ దాని మోతాదుని రక్తంలో పెంచుతుంది. మామూలుగా రోజుకి వెయ్యి మిల్లీగ్రాములు దాటకుండా డాక్టరు సర్దుతారు. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్‌ని తొందరగా కరిగించేస్తుంది. అందుకే టీబీ కోర్సు నడిచినన్నాళ్లు, టీఎల్‌డీ వేసుకున్న పన్నెండు గంటలకి 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ మాత్ర ఇంకొకటి ఇస్తారు. ఫిట్స్‌కి వాడే కార్బమజెపిన్, ఫెనిటోయిన్ కూడా ఇలాంటివే. ఆ మందులు సొంతంగా ఆపకండి, ఇవీ ఆపకండి. రెండు చీటీలూ ఒకే డాక్టరుకి చూపించండి.

అపోహ: నాటు మందుతో ఫలానా ఆయనకి పూర్తిగా తగ్గిపోయింది.

ఆ ఫలానా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడగండి. నాటు మందుతో పాటు మా మాత్ర కూడా వేసుకుంటూ ఉంటాడు. వైరల్ లోడ్ తగ్గించిందేమో మాత్ర, పేరూ పాతికవేలూ పసరు ఇచ్చినాయనకి. అసలు గొడవ అక్కడ కూడా కాదు. కొన్ని భస్మాల్లో పాదరసం, సీసం లాంటివి ఉంటాయి, అవి కిడ్నీని పాడుచేస్తాయి. టెనోఫోవిర్ కూడా కిడ్నీ గుండానే పోయే మందు.

అపోహ: ఈ మందులు కిడ్నీలు తినేస్తాయి.

టెనోఫోవిర్‌తో కొంతమందికి కిడ్నీ ఇబ్బంది వచ్చే మాట నిజమే. అందుకే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేస్తూ ఉంటారు, అవసరమైతే మందు మారుస్తారు. టీఎల్‌డీ మొదలెట్టిన కొత్తలో క్రియాటినిన్ కాస్త పెరిగితే మాత్రం కంగారు పడకండి. డోలుటెగ్రావిర్ ఆ పదార్థం మూత్రంలోకి పోయే దారిని కొంచెం మూస్తుంది, అంకె పెరుగుతుంది, కిడ్నీకి ఏమీ కాదు. ఏది మామూలో ఏది కాదో డాక్టరు తేలుస్తారు. మీరు చేయాల్సింది, ఒళ్లు నొప్పులని మందుల షాపులో డైక్లోఫెనాక్ లాంటివి కొని రోజుల తరబడి మింగకపోవడం. కిడ్నీకి నిజంగా చేటు చేసేది అలాంటి అలవాటే.

మొదటి వారాల్లో వికారం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉండొచ్చు, మెల్లగా సర్దుకుంటాయి. నిద్ర మరీ చెడితే మాత్రని పొద్దుటికి మార్చుకోవచ్చు. ఒంటినిండా దద్దుర్లతో జ్వరం, కళ్లు పచ్చబడటం, పెదాలు వాయడం కనిపిస్తే మాత్రం తర్వాతి తేదీ దాకా ఆగొద్దు. ఆ రోజే వచ్చేయండి.

అపోహ: గడియారం చూసి నిమిషం తప్పకుండా వేసుకోవాలి. తప్పితే ఆ రోజుకి అంతే.

స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు మారే ఒక కాంట్రాక్టు కార్మికుడు, 'తొమ్మిది దాటిపోయింది కదా' అని ఆ రోజు మాత్రే మానేసేవాడు. అలా నెలకి ఏడెనిమిది పోయేవి. గంట ఆలస్యమైతే ఏమీ కాదు. గుర్తొచ్చినప్పుడు వేసేసుకోండి. తర్వాతి మాత్రకి నాలుగు గంటల లోపే టైమ్ ఉంటే మాత్రం పోయినదాన్ని వదిలేయండి, రెండూ కలిపి వేసుకోవద్దు. ఆయనకి చివరికి కుదిరింది ఏమిటంటే, ఏ షిఫ్టయినా పళ్లు తోముకోగానే మాత్ర.

అపోహ: మందు తాగిన రోజు మందు వేసుకోకూడదు.

మన భాషలో రెండిటికీ ఒకటే మాట ఉండటం వల్ల వచ్చిన తంటా ఇది. మొదటి మందు మానేస్తే మంచిది. మానలేకపోయినా రెండోది మానొద్దు.

అపోహ: ఇంక పెళ్లీ, పిల్లలూ, కాపురం అన్నీ ముగిసినట్టే.

మందు సరిగ్గా వాడుతూ వైరల్ లోడ్ కనిపించని స్థాయిలో నిలబడినవాళ్ల నుంచి సెక్స్ ద్వారా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. పార్ట్‌నర్ అనే యూరప్ అధ్యయనంలో ఇలాంటి జంటలు దాదాపు 58 వేల సార్లు కండోమ్ లేకుండా కలిసిన లెక్క తీశారు. భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదని 2016లో ప్రకటించారు. మిగతా సుఖవ్యాధులకి కండోమ్ అవసరం అలాగే ఉంది, అది వేరే సంగతి. గర్భం వస్తే మందు ఆపకూడదు. తల్లి మందు వాడుతూ ఉంటేనే బిడ్డకి రక్షణ. పుట్టిన బిడ్డకి సిరప్పు వేస్తారు, ఆరు వారాలకి పరీక్ష చేస్తారు. డోలుటెగ్రావిర్ గర్భిణులకి మంచిది కాదని 2018లో ఒక అనుమానం లేచిన మాట నిజమే. తర్వాత ఇంకా ఎక్కువమంది తల్లుల లెక్కలు వచ్చాక అది నిలబడలేదు.

మీ అనుమతి లేకుండా మీ సంగతి ఇంకొకరికి చెప్పడం, హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలోంచి తీసేయడం చట్టరీత్యా తప్పు. 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఎవరినీ కలవకుండా ఏదైనా అడగాలంటే 1097కి ఫోన్ చేయండి, డబ్బు పడదు.

అపోహ: వేటకి వెళ్తే మందు కుదరదు.

ఫిషింగ్ హార్బర్ నుంచి బోటెక్కితే పదిహేను, ఇరవై రోజులు సముద్రం మీదే. డబ్బా తీసుకెళ్తే అందరూ చూస్తారని కొందరు మాత్రల్ని పేపర్లో పొట్లం కట్టుకెళ్లేవాళ్లు. ఉప్పుగాలికి మాత్రలు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కునేవి. డబ్బాలో చిన్న సంచీ ఒకటి ఉంటుంది, తేమ పీల్చేది. దాన్ని పారేయొద్దు, తినొద్దు. లేబుల్ గీకేసిన డబ్బానే గట్టిగా మూత బిగించి, ఇంకో ప్లాస్టిక్ సంచిలో కట్టి, బట్టల మధ్య పెట్టుకోండి. ఐస్ పెట్టెలో పెట్టొద్దు, ఇంజిన్ దగ్గర వేడిలో పెట్టొద్దు. వెళ్లే రోజులకి ఇంకో వారం మాత్రలు అదనంగా ఉండాలి, వాతావరణం మన మాట వినదు కదా. బోటు బయల్దేరే తేదీ ముందే చెబితే సరిపడా ఇవ్వడానికి డాక్టరుతో మాట్లాడతాం. మొన్న ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే ఒకాయన వచ్చి ఖాళీ డబ్బా కౌంటర్ మీద పెట్టాడు. మూత చుట్టూ సైకిల్ ట్యూబు రబ్బరు తొడిగి ఉంది. విప్పి చూస్తే లోపల ఆ చిన్న సంచీ పొడిగా అలాగే ఉంది.