జీపీయూల వేలానికి పేటెంటా? చిక్కుముడి చెన్నైలోనే పడింది

ఖాళీగా ఉన్న సర్వర్‌నో, జీపీయూనో (ఏఐ లాంటి భారీ లెక్కలకు వాడే చిప్) వేలం వేసి అద్దెకిచ్చే పద్ధతికి పేటెంట్ ఇవ్వొచ్చా? 2025లో పేటెంట్ కార్యాలయం సాఫ్ట్‌వేర్ మార్గదర్శకాలను మళ్లీ సవరించడంతో పాత తగువు తిరగబెట్టింది. చెన్నై ఐటీ రోడ్డు ఓఎమ్మార్‌లోని తెలుగు ఇంజినీర్లకైనా, హైదరాబాద్, విజయవాడ స్టార్టప్‌లకైనా దరఖాస్తు పెట్టే చోటు ఒకటే: చెన్నై గిండీలోని పేటెంట్ ఆఫీసు.

వ్యాపార పద్ధతికి పేటెంట్ ఇవ్వకూడదని మన పేటెంట్ చట్టంలోని 3(కె) సెక్షన్ అంటుంది. అసలు మలుపు 2011 డిసెంబరులో, చెన్నై తేనాంపేటలో ఉన్న అప్పటి మేధో సంపత్తి అప్పీళ్ల బోర్డు దగ్గర వచ్చింది. సెర్చ్ ఫలితాల్లో పైచోటు కోసం ప్రకటనదారులు పాట పాడుకునే పద్ధతికి యాహూ పేటెంట్ అడిగింది. అమెరికాలో ఇదే పద్ధతి మీదున్న పేటెంట్‌తో సెర్చ్ ప్రకటనల కంపెనీ ఓవర్చర్ 2002లో గూగుల్ మీద దావా వేసింది. తర్వాత ఓవర్చర్‌ను కొన్న యాహూకు 2004లో, మరో వివాదంతో కలిపి, గూగుల్ 27 లక్షల షేర్లు ముట్టజెప్పి రాజీపడింది. అంత విలువైన పేటెంట్ ఇక్కడ నిలవలేదు. మన వెబ్‌సైట్ కంపెనీ రెడిఫ్ అభ్యంతరం చెప్పింది, పేటెంట్ ఆఫీసు కాదంది, బోర్డు అప్పీలు కొట్టేసింది. కొత్తదనమంతా వ్యాపార పద్ధతిలోనే ఉంటే, అది ఎంత తెలివైన టెక్నాలజీతో నడిచినా 3(కె)ని దాటలేదని తేల్చింది.

సర్వర్ల వేలానికీ ఇదే వర్తిస్తుంది. పైగా ఇందులో కొత్తేముంది? హార్వర్డ్‌లో పీడీపీ-1 కంప్యూటర్ సమయాన్ని ఉత్తుత్తి డబ్బుతో వేలంలో పంచిన తీరును కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్ 1968లోనే రాశారు. ఖాళీ సర్వర్లను అద్దెకిచ్చే అమెజాన్ స్పాట్ సేవ 2009లో వచ్చింది. అప్పట్లో మనం పాడిన రేటును మార్కెట్ రేటు దాటిందా, మెషీన్ చేజారినట్టే. నడుస్తున్న పనిని సర్దుకోవడానికి 2015 నుంచి రెండు నిమిషాల ముందు హెచ్చరిక ఇస్తున్నారు. 2017 చివర్లో అమెజాన్ ఆ పాట పద్ధతినే పక్కనపెట్టింది. పేటెంట్ కావాలనేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

వాళ్లకూ ఒక ఆధారం దొరికింది. 2021లో బోర్డు రద్దయ్యాక అప్పీళ్లు మద్రాసు హైకోర్టుకు చేరాయి. డేటా గోప్యత సమస్యను సాంకేతికంగా పరిష్కరించినప్పుడు, దాన్ని వ్యాపారంలో వాడినంత మాత్రాన అది వ్యాపార పద్ధతి కాదని 2023 డిసెంబరులో ఆ కోర్టు చెప్పింది. అయితే దరఖాస్తులోంచి పాట, రేటు, గెలిచినవాడు అనే మూడింటినీ తీసేశాక ఏం మిగిలిందో గిండీలో చూపించాల్సింది దరఖాస్తుదారే.