తుపాకుల కొట్టు కౌంటరు దగ్గర రోజూ వినే మాటలు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో మాది తుపాకుల కొట్టు. తాత పెట్టాడు, నాన్న నడిపాడు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. తుపాకుల కొట్టు అనగానే సినిమాలో చూపించేది ఊహించుకోకండి. ఒక కౌంటరు, గోడకి గొలుసేసి కట్టిన 12 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి కొలత) తుపాకుల వరస, లోపల ఇనప తలుపు గది, బల్ల నిండా రిజిస్టర్లు. నా రోజులో సగం ఆ రిజిస్టర్లు రాయడానికే సరిపోతుంది. ఒక్క తూటా కూడా అమ్మని వారాలు ఉంటాయి. అడిగిపోయేవాళ్ళకి మాత్రం కొదవ లేదు. పట్టుచీరల వ్యాపారులు, రొయ్యల చెరువుల వాళ్ళు, ఇచ్ఛాపురం నుంచి బైకు మీద వచ్చే కుర్రాళ్ళు, పర్లాకిమిడి వైపు రైతులు వస్తూనే ఉంటారు. ప్రశ్నలు మాత్రం ఇంచుమించు అవే. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇలా రాస్తున్నాను.

అపోహ: డబ్బు పారేస్తే తుపాకీ వచ్చేస్తుంది, లైసెన్సు తర్వాత చూసుకోవచ్చు.

బైకు లెక్కన అనుకుంటారు. ముందు షోరూమ్‌లో బండి, తర్వాత నంబరు. ఇక్కడ అంతా తలకిందులు. ముందు కాగితం, ఆ తర్వాతే ఇనుము. 1959 ఆయుధాల చట్టం, 2016 నియమాల ప్రకారం ఏ-1 ఫారం నింపి దరఖాస్తు పెట్టాలి. మా జిల్లా వాళ్ళయితే ఛత్రపురం కలెక్టరాఫీసుకి వెళ్ళాలి. దాంతోపాటు డాక్టరు సర్టిఫికెట్, తుపాకీ భద్రంగా వాడడం నేర్చుకున్నట్టు శిక్షణ సర్టిఫికెట్, ఇంట్లో దాన్ని ఎక్కడ తాళం వేసి పెడతారో చెప్పే హామీ ఇవ్వాలి. అక్కడి నుంచి ఫైలు పోలీసుల దగ్గరికి వెళ్తుంది. థానా నుంచి, అంటే పోలీసు స్టేషన్ నుంచి, అక్కడి ఇన్‌స్పెక్టరు ఐఐసీ బాబు మనుషులు వచ్చి మీ వీధిలో మీ గురించి అడుగుతారు. పోలీసు రిపోర్టుకి 30 రోజులు, అది వచ్చాక నిర్ణయానికి 60 రోజులు అని నియమాల్లో ఉంది. అలా లెక్క కట్టుకుని పెళ్ళి ముహూర్తంలా ఎదురుచూడకండి. చెప్పులరిగేదాకా తిరిగినవాళ్ళు నా కౌంటరు ముందే కూర్చుని ఏడ్చుకున్నారు.

లైసెన్సు చేతికొచ్చాక నా దగ్గరికి వస్తే, మీ పేరు మీద తుపాకీ నంబరు రాసి ఇస్తాను. ఆ తుపాకీ తీసుకెళ్ళి ఆఫీసులో చూపించి, నంబరు లైసెన్సులో ఎక్కించుకోవాలి. ప్రతి లైసెన్సుకీ దేశమంతటి జాబితాలో సొంత గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది. అది లేని లైసెన్సు పుస్తకం పట్టుకొస్తే నేను తూటా కూడా అమ్మను. ఏ ఏజెంటో "బయటి రాష్ట్రంలో పది రోజుల్లో తెప్పిస్తా అన్నయ్యా" అన్నాడంటే అక్కడే ఆగిపోండి. జమ్మూ కాశ్మీర్‌లో అలా స్థానికేతరులకి ఇచ్చిన లైసెన్సుల మీద సీబీఐ కేసులే నడిచాయి.

అపోహ: కోటి రూపాయల ఆస్తి చూపించాలి.

అక్కర్లేదు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని ఆయుధాల చట్టం 14వ సెక్షన్‌లో రాసే ఉంది. మీ వయసు 21 దాటిందా, హింస కేసుల్లో శిక్ష పడిందా, మీకు నిజంగా ప్రాణభయం ఉందా అన్నవే చూస్తారు. "కాష్ ఎక్కువ తీసుకెళ్తుంటానండి" అంటే చాలదు. ఎప్పుడు బెదిరించారు, థానాలో రాయించారా అని అడుగుతారు.

అపోహ: రివాల్వర్ నడుముకి కనబడేలా పెట్టుకుంటేనే ఎవడైనా భయపడతాడు. దాచి పెట్టుకోవాలంటే వేరే లైసెన్సు కావాలి.

ఈ ఒక్కదాని మీద నాకు చాలా చెప్పాలని ఉంది. రివాల్వర్ అడిగేవాళ్ళలో ఎక్కువమందికి అది కాల్చాలని ఉండదు. పదిమందికి కనబడాలని ఉంటుంది. ఒకాయన లైసెన్సు వచ్చిన నెలలోనే మా బంధువుల పెళ్ళికి వచ్చాడు. చొక్కా లోపలికి దోపి, తోలు హోల్‌స్టర్ (తుపాకీ పెట్టుకునే ఒర) బయటికి కనబడేలా బెల్టుకి తగిలించాడు. భోజనాల బంతిలో కూర్చుంటే, పక్కన కూర్చున్న పిల్లాడి మోచెయ్యి దాని పిడికి తగులుతోంది. వెళ్ళి చెవిలో "బాబూ, చొక్కా బయటికి తీయండి" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. లైసెన్సు ఉంది కదా అన్నాడు.

లైసెన్సు ఉన్నా సరే, నియమం ఆయన వైపు లేదు. 2016 నియమాల ప్రకారం పదిమంది తిరిగే చోట చేతి తుపాకీ తీసుకెళ్ళాలంటే ఒంటికి కట్టుకున్న హోల్‌స్టర్‌లోనో, అలాంటి సంచీలోనో ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి. మీ అదుపులో ఉండాలి. అంటే మన దగ్గర దాచి పెట్టుకోవడానికి వేరే పర్మిట్ అంటూ ఏమీ లేదు. దాచి పెట్టుకోవడమే రూలు. బయటికి చూపించడం, ఊపడం, సరదాకి పేల్చడం తప్పు. పెళ్ళి ఊరేగింపుల్లో, సంబరాల్లో ఎవరికైనా ప్రమాదం కలిగేలా పేలిస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణలో దీన్ని ప్రత్యేకంగా చేర్చారు.

ఇంకో మాట. హోల్‌స్టర్ కొనడానికి వచ్చినవాళ్ళకి ముందు ఖాళీ రివాల్వర్ నడుముకి కట్టి కుర్చీలో కూర్చోమంటాను. లక్ష పైన పోసి కొనే .32 రివాల్వర్ అరకిలో పైన బరువు ఉంటుంది. మన ఎండలో, మన చెమటలో, కారు సీట్లో రెండు గంటలు అది పొట్టకి గుచ్చుకుంటుంటే సగం మందికి సరదా తీరిపోతుంది. చివరికి అది బీరువాలోకి వెళ్ళిపోతుంది. 9 ఎంఎం కావాలని అడిగేవాళ్ళకి ఒకటే జవాబు: అది నిషేధిత బోర్, మామూలు మనిషికి దొరకదు.

అపోహ: అమెరికాలో మన పిల్లలు షాపులోకి వెళ్ళి చాక్లెట్ కొన్నట్టు తుపాకీ కొనుక్కోవచ్చు.

ఇది రిటైరైన మాస్టార్లు ఎక్కువగా అడుగుతారు, అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు కనక. అక్కడి రాజ్యాంగంలో 1791 నుంచి ఆయుధాల హక్కు ఉంది. ఇల్లు దాటి వెంట తీసుకెళ్ళడం కూడా ఆ హక్కులోదేనని 2022లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, తుపాకీ ఉంచుకునే అర్హత ఉండి 21 దాటినవాళ్ళు పర్మిట్ లేకుండానే చేతి తుపాకీ తీసుకెళ్ళొచ్చు. ఇంతవరకూ నిజమే.

అయితే లైసెన్సున్న డీలరు దగ్గర కొనాలంటే అక్కడా ఫారం నింపాలి, ఫోనులోనో కంప్యూటర్‌లోనో మనిషి చరిత్ర చూస్తారు. చాలామంది అమ్మానాన్నలకి తెలియనిది ఇంకొకటి ఉంది. స్టూడెంట్ వీసా, హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడం, ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉండడం లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళ సంగతి వేరు. రూమ్మేట్ తుపాకీతో ఫోటో దిగి స్టేటస్‌లో పెట్టే పిల్లలకి ఈ ముక్క చెప్పండి మాస్టారూ అంటుంటాను.

మన దగ్గర అలాంటి హక్కే లేదు. 2023లో మన సుప్రీంకోర్టు కూడా అమెరికాతో పోల్చి ఇదే మాట చెప్పింది.

అపోహ: ఒడిశా లైసెన్సు ఉంటే ఇచ్ఛాపురం వెళ్ళి రావచ్చు, అరగంట దారే కదా.

గిరిసోల గేటు దాటితే ఆంధ్ర. మీ లైసెన్సులో ఎంత మేర చెల్లుతుందో రాసే గడి ఒకటి ఉంటుంది. అందులో జిల్లా అని ఉంటే జిల్లా, రాష్ట్రం అని ఉంటే రాష్ట్రం. సరిహద్దులో ఉండే మనకి పెళ్ళీ చావూ రెండూ అవతలే. అయినా తుపాకీకి చుట్టరికాలు తెలియవు. అవతలికి తీసుకెళ్ళాలంటే ముందే అధికారిని అడిగి ఆ గడి మార్పించుకోవాలి. లేకపోతే లైసెన్సు ఉండి కూడా కేసులో ఇరుక్కోవాల్సి వస్తుంది.

ఎన్నికలప్పుడు ఈ గొడవ రెట్టింపు. 2024 మే 13న ఆంధ్రలోనూ, ఇటు మా బరంపురం లోక్‌సభ స్థానంలోనూ ఒకేరోజు పోలింగ్. మా ఇనప గదిలో కాలు పెట్టే చోటు లేదు, డిపాజిట్ చేసిన తుపాకులే. నిజానికి అందరూ ఇచ్చేయాలని ఎన్నికల సంఘం చెప్పదు. జిల్లాలో ఒక కమిటీ కూర్చుని బెయిలు మీద ఉన్నవాళ్ళు, నేర చరిత్ర ఉన్నవాళ్ళు, అల్లర్లలో పేరున్నవాళ్ళ లైసెన్సులు చూసి నిర్ణయించాలి. థానా నుంచి ఫోను మాత్రం అందరికీ వస్తుంది. నా సలహా, రసీదు తీసుకుని ఇచ్చేయండి. కొన్నాళ్ళు తుపాకీ లేకపోతే ఏమీ కాదు, ఆ టెన్షన్ నాకే వదిలేయండి.

అపోహ: పంట కాపలాకి లైసెన్సు ఇస్తే అడవి పందుల్ని కొట్టుకోవచ్చు.

గజపతి, రాయగడ కొండల నుంచి వచ్చే రైతుల బాధ నాకు తెలుసు. రాత్రి ఒక్క పూట మంచె దిగితే మొక్కజొన్న మొత్తం పోతుంది. చట్టంలో వాళ్ళకో దారి ఉంది, అది వాళ్ళకి ఎవరూ చెప్పరు. నిజంగా పంట కాపాడుకోవడానికి మందు కూరి పేల్చే తుపాకీ అడిగితే, అనర్హత ఏమీ లేకపోతే లైసెన్సు ఇవ్వాలనే 13వ సెక్షన్ చెబుతుంది. ఆఫీసు మెట్లంటే భయపడి, ఊళ్ళో కమ్మరి చేసిన నాటు తుపాకీ చూరులో దోపుకుంటారు. అది దొరికితే రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ జైలు. చేసి అమ్మినవాడికి ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా. కొరాపుట్‌లో 2004లో, నయాగఢ్‌లో 2008లో మావోయిస్టులు పోలీసు ఆయుధాగారాలే ఊడ్చుకుపోయిన ప్రాంతం ఇది. ఇక్కడ కొండ మీది రైతుకి మంచి పోలీసు రిపోర్టు ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

లైసెన్సు వచ్చినా అది వేట పర్మిట్ కాదు. గాల్లో పేల్చి బెదరగొట్టండి. చంపితే వన్యప్రాణి చట్టం కింద అటవీశాఖ కేసు పెడుతుంది. ఎయిర్ గన్‌తో పిట్టలు కొట్టినా అంతే. .177 బోర్, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు కానీ పిట్ట మాత్రం చట్టంలో పిట్టే.

అపోహ: లైసెన్సుంటే ఇంట్లో దూరినవాడిని కాల్చేయొచ్చు.

ఆత్మరక్షణ హక్కు లైసెన్సుతో వచ్చేది కాదు, తుపాకీ లేనివాడికీ ఉంది. దానికి హద్దు కూడా ఉంది. ప్రాణం మీదికి వచ్చిందా, అంత దెబ్బ అవసరమా అన్నది కోర్టు చూస్తుంది. గోడ దూకి పారిపోతున్నవాడి వీపు మీద కాల్చి, నా దగ్గరికి వచ్చి "రూలేంటి గురువుగారూ" అని అడిగితే నేనేం చెప్పను?

అపోహ: మా నాన్నగారి తుపాకీ కాబట్టి ఇప్పుడది నాదే.

పోయినవాళ్ళ పొలం వచ్చినట్టు తుపాకీ రాదు. లైసెన్సు మనిషితోనే పోతుంది. వారసులు ఆలస్యం చేయకుండా దాన్ని థానాలోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో పెట్టి, తమ పేరు మీద దరఖాస్తు చేసుకోవాలి. పెద్దాయన బతికి ఉండగానే ఇంకో దారి ఉంది. ఆయనకి 70 ఏళ్ళు నిండినా, ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్ళుగా ఉన్నా వారసుడికి బదిలీ కోరవచ్చు. 2019 తర్వాత మనిషికి రెండు తుపాకులే, అంతకు ముందు మూడు. వారసత్వంగా వచ్చినవి కూడా ఆ రెండులోనే.

కిందటేడు ఒక ముసలావిడ మనవడితో ఆటోలో వచ్చింది. పాత పంచెలో చుట్టిన డబుల్ బ్యారెల్ తెచ్చి కౌంటరు మీద పెట్టింది. "మా ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది బాబూ. అటక మీద ఉంది. పండగలకి పిల్లలు దించి ఆడుకుంటారు" అంది. అలా ఆటోలో వేసుకుని రావడమే చిక్కు అని చెప్పి, ముందు థానాకి ఫోను చేశాను. తర్వాత గోడ వైపు తిప్పి, గొట్టాలు తెరుచుకునేలా తుపాకీ మడిచాను. కుడి గొట్టం ఖాళీ. ఎడమ గొట్టంలో తూటా ఉంది. ఇత్తడి అడుగు పచ్చగా కిలుం పట్టి, అట్ట చెమ్మకి ఉబ్బిపోయి గొట్టానికి బిగిసిపోయింది. మనవడు పక్కనే నిలబడి ట్రిగ్గర్ వైపు చూస్తున్నాడు. పదేళ్ళు ఉంటాయేమో.

ఆ తూటా బయటికి తీయడానికి నాకు ముప్పావుగంట పట్టింది. రసీదు రాసి, ట్యాగు కట్టి, లోపల పెట్టాను. ఆవిడ కొడుకు ఇప్పుడు ఛత్రపురం తిరుగుతున్నాడు. తుపాకీ ఇంకా మా దగ్గరే ఉంది. పంచె మాత్రం ఆవిడ ఆరోజే మడతపెట్టి వెనక్కి తీసుకెళ్ళింది.