డోర్‌బెల్ కెమెరా తగాదా: మైకు దగ్గరే అసలు చిక్కు

నెల్లూరులోని ఓ అపార్ట్‌మెంట్‌లో ఒక ఇంటివారు గుమ్మానికి పెట్టుకున్న డోర్‌బెల్ కెమెరా (కాలింగ్ బెల్‌లోనే ఉండే కెమెరా)పై సద్దుమణిగిందనుకున్న వివాదం మళ్లీ అసోసియేషన్ సమావేశానికి ఎక్కింది. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి కూతురి పెళ్లి సంబంధం గురించి చెల్లెలితో చెప్పుకున్న మాటలు కెమెరా ఇంటివాళ్ల నోట వినిపించాయి.

దుకాణాలకు, కూడళ్లకు సీసీ కెమెరాలు ఎలా వచ్చాయో అందరికీ తెలిసిందే. గుమ్మానికి బిగించే కెమెరా తీరు వేరు. దానికి మైకు ఉంటుంది. చాలా రకాల్లో రికార్డయినది కంపెనీ సర్వర్‌కు చేరుతుంది. ఎదురింటివారు పాల ప్యాకెట్ కోసం తలుపు తీసినా అమెరికాలో ఉన్న కెమెరా యజమాని కొడుకు ఫోను మోగుతుంది. తలుపు తెరిచి ఉంటే హాల్లో ఎవరు కూర్చున్నారో కూడా అందులో పడుతుంది.

ఈ గొడవను అర్థం చేసుకోవాలంటే 2021 అక్టోబరులో బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు ఇచ్చిన తీర్పు చూడాలి. అదీ ఇరుగుపొరుగు తగాదాయే. రింగ్ అనే కంపెనీ డోర్‌బెల్ కెమెరా ముందు నడిచివెళ్లే మనిషి దృశ్యం రికార్డవడాన్ని న్యాయమూర్తి తప్పుపట్టలేదు. దూరంగా మాట్లాడుకునే మాటలను కూడా పట్టేయడాన్ని మాత్రం ఒప్పుకోలేదు. దొంగల భయానికి శబ్దం అవసరం లేదన్నారు. అక్కడ మైకు మాటలను పట్టే దూరం పదుల అడుగుల్లో ఉంది. మన వరండాల్లో ఎదురెదురు తలుపుల మధ్య నాలుగడుగులు వేస్తే అవతలి గుమ్మమే.

ఇక్కడ అలాంటి తీర్పు కోరే దారి ఇరుకు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది. కానీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, వ్యక్తులు సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే డేటాను తన పరిధి నుంచి తప్పించింది. అందుకే పొరుగువారిని ఒప్పించడమే ఇప్పటికి దగ్గరి దారి.

సంక్రాంతికి ఊరెళ్తే ఇల్లు ఎవరు చూస్తారన్నది కెమెరా యజమాని ప్రశ్న. ఆ భయం నిజమైనదే. అయితే ఊరెళ్లేవారు కోరితే తాళం వేసిన ఇంట్లో పోలీసులే కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) ఏర్పాటు మన రాష్ట్రంలో ఉంది. అది చూసేది కోరినవారి ఇంటినే.

గతంలో "తీసేయండి" అన్నందుకే కెమెరా యజమాని మొండికేశారు. ఈసారి పై అంతస్తు పెద్దాయన ఒక క్లిప్ అందరి ముందూ వినిపించమన్నారు. అందులో యజమాని సొంత ఇంటివాళ్ల మాటలూ ఉన్నాయి. ఉద్యోగులు, కాంట్రాక్టర్లు వినియోగదారుల వీడియోలు చూశారన్న అభియోగంపై రింగ్ సంస్థ 2023లో అమెరికాలో 58 లక్షల డాలర్ల చెల్లింపునకు ఒప్పుకున్న సంగతీ అప్పుడే చర్చకు వచ్చింది.

ఎదురు తలుపు కనిపించకుండా యాప్‌లో ఆ భాగాన్ని మూసేస్తానని కెమెరా యజమాని మాటిచ్చారు. మైకు ఆపే విషయం కొడుకును అడిగి చెబుతానన్నారు.