పాత స్వీడిష్ క్రైమ్ కామెడీలు: అపోహలు - వాస్తవాలు

ఫిల్మ్ సొసైటీల కోసం విదేశీ సినిమాలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాయడం నా పని. ఈమధ్య 1935 నాటి స్వీడిష్ సినిమా ‘మున్క్‌బ్రూగ్రేవెన్’ పట్టుకుని కూర్చున్నాను. స్టాక్‌హోమ్ పాతబస్తీ, అందులో ఓ చవక హోటల్, అక్కడ పనిచేసే ఎల్సా అనే అమ్మాయి, ఎక్కణ్ణుంచో వచ్చి దిగిన ఓ కుర్రాడు. ఊళ్ళో నగల దొంగ తిరుగుతున్నాడు. వాడు వీడేనేమోనని అందరికీ అనుమానం. చూసినకొద్దీ ముద్దొచ్చే సినిమా. కానీ దాని పేరెత్తితే చాలు, వినిపించేవి ఈ మాటలే.

అపోహ: పాత స్వీడిష్ సినిమా అంటే చావు, మౌనం, దేవుడితో పేచీ.

వాస్తవం: ఆ పేరు ఇంగ్మార్ బెర్గ్‌మన్ వల్ల వచ్చింది. ఆయన దర్శకుడిగా మొదటి సినిమా తీసిందే 1946లో. ఎల్సాగా వేసిన ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ఆయన చుట్టం కూడా కాదు. తెరమీద ఆమె నోరువిప్పి మాట్లాడిన మొదటి సినిమా ఇది. విడుదలనాటికి ఆమెకు 19 ఏళ్ళు.

అపోహ: విమర్శకులు ఈసడించారంటే అందులో సరుకు లేనట్టే.

వాస్తవం: ఈ తరహా హాస్యాలను ‘పిల్స్‌నర్‌ఫిల్మ్’ అనేవారు, అంటే బీరు సినిమాలని. 1937లో స్టాక్‌హోమ్ కన్సర్ట్ హాలులో రచయితలు సభపెట్టి మరీ స్వీడిష్ సినిమాను దుమ్మెత్తిపోశారు. కథ పలచన అన్నమాట నిజమే. కానీ నాకు కథకన్నా ఆ పాతబస్తీ వీధి ముఖ్యం. దర్శకులిద్దరూ, ఎడ్విన్ అడాల్ఫ్‌సన్, సిగుర్డ్ వాలెన్, తామే వేషాలు కూడా కట్టారు. రంగస్థల నాటకంలోంచి వచ్చిన కథ కాబట్టి అరుగుమీద కబుర్ల వాసన పోలేదు. దొంగ సంగతి పక్కనపెట్టి అందరూ కాసేపు కూర్చుంటారు. ఆ కూర్చోవడమే దాని అందం.

అపోహ: అప్పుడు స్వీడన్‌లో మద్యనిషేధం ఉండేది.

వాస్తవం: లేదు. 1922 రెఫరెండంలో నిషేధం కొద్ది తేడాతో ఓడిపోయింది. దాని బదులు ‘మూట్‌బూక్’ అనే పుస్తకం నడిచింది, 1955 దాకా. నెలకు మనిషికింత అని లెక్క, కొన్నప్పుడల్లా అందులో నమోదు. పెళ్ళయిన ఆడవాళ్ళకు మామూలుగా ఇచ్చేవారే కాదు. హోటల్లో మందు కావాలంటే తిండి కూడా చెప్పాల్సిందే. ఈ సినిమాలో పాతబస్తీ మిత్రబృందం వేసే ఎత్తులన్నీ ఆ మద్యం చట్టాల కళ్ళు కప్పడానికే. ఇది తెలియకపోతే సగం నవ్వు రాదు. నేను ‘మందు రేషన్ కార్డు’ అని రాస్తాను. మనవాళ్ళకు ఇక వివరణ అక్కర్లేదు.

అపోహ: ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉంటే చాలు.

వాస్తవం: ఇక్కడ మాత్రం గట్టిగా చెబుతాను, చాలదు. ఆ కాలపు స్వీడిష్‌లో పెద్దమనిషిని ఎదురుగా ఉంచుకుని ‘మీరు’ అన్నా మర్యాద తక్కువే. హోదా పెట్టి, మూడో మనిషి గురించి అన్నట్టు, ‘డైరెక్టరుగారు కాఫీ తాగుతారా?’ అని అడగాలి. అందరూ అందర్నీ ‘నువ్వు’ అనడం 1960ల చివర్లో వచ్చిన మార్పు. ఇంగ్లిష్‌లో ఇవన్నీ ఒకే ‘యూ’లో కలిసిపోతాయి. మనకా బాధ లేదు, ‘మాస్టారు భోంచేశారా?’ అని మాస్టారినే అడుగుతాం. ఎవరు ఎవరి దగ్గర ఒదిగి ఉంటున్నారో, ఎవరికి ఎవరిమీద చనువుందో తెలుగులో అలాగే పలుకుతుంది.

సినిమా పేరులో ‘గ్రేవెన్’ అంటే కౌంట్, జమీందారులాంటి బిరుదు. మొదట ‘కౌంట్’ అనే రాశాను. తెరమీద వేసి చూస్తే చప్పగా ఉంది. ఆ మనిషి నిజంగా ప్రభువేమీ కాదు, అది పాతబస్తీవాళ్ళు పెట్టిన పేరు. చేతిలో చిల్లిగవ్వ లేనివాణ్ణి మనవాళ్ళు ప్రేమగా ఎలా పలకరిస్తారో గుర్తుతెచ్చుకుని ‘దొర’ అని మార్చాను. మళ్ళీ వేసినప్పుడు, ‘ఏం దొరా!’ అన్న వరస పడగానే వెనక కుర్చీల్లోంచి నవ్వు వినిపించింది.