ఇంగ్లండ్ పల్లెల్లో కుటుంబంతో కాలినడక: అపోహలు - వాస్తవాలు

నేను ఇంగ్లండ్‌లో వాకింగ్ గైడ్‌ని. పల్లెల మధ్య కాలిబాటల మీద మూడు నాలుగు రోజుల నడకలు ఏర్పాటు చేసి, వచ్చినవాళ్ళతో పాటు నడవడం నా పని. వచ్చేవాళ్ళలో చాలామంది మనవాళ్ళే. కొడుకో కూతురో రెడింగ్‌లోనో మిల్టన్ కీన్స్‌లోనో స్థిరపడి ఉంటారు, వేసవిలో అమ్మానాన్నలు వస్తారు. పిల్లలు ఆఫీసులకి వెళ్ళాక ఆ పెద్దవాళ్ళు రోజంతా టీవీ ముందు కూర్చుంటారు, శని ఆదివారాలు కార్లో లండన్ వెళ్ళి ఫోటోలు దిగి వస్తారు, ఆరు నెలల వీసా అయ్యేలోపు ఈ నేల మీద గట్టిగా పది కిలోమీటర్లు కూడా నడవకుండానే తిరుగు విమానం ఎక్కేస్తారు. మనవలు పెరుగుతున్న దేశం కారు అద్దంలోంచి చూస్తే అర్థం కాదు, ఇంటిల్లిపాదీ కలిసి దాని మట్టి మీద నడవాలి. ఇది నా గట్టి నమ్మకం. ఆ మాట అనగానే ఫోన్లో వినబడే అభ్యంతరాలు మాత్రం దాదాపు ఎప్పుడూ ఇవే.

అపోహ: "అవి ఎవరివో పొలాలు కదండీ, అడ్డంగా నడిస్తే కేసు పెడతారు."

పెట్టలేరు, మీరు బాట మీద ఉన్నంతసేపూ. ఇంగ్లండ్, వేల్స్ కలిపి చట్టం గుర్తించిన కాలిబాటలు, గుర్రపు బాటలు దాదాపు 1,40,000 మైళ్ళు ఉన్నాయి. పొలం ఎవరిదైనా కావచ్చు, దాని మీదుగా పోయే బాట మీద నడిచే హక్కు అందరిదీ. విజిటర్ వీసా మీద వచ్చిన మీ అమ్మగారికి కూడా. ఏ బాట ఎక్కడినుంచి ఎక్కడికో చూపించే అధికారిక పటం కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) దగ్గర ఉంటుంది. రైతు పొలం దున్నుకున్నా, బాట మళ్ళీ కనబడేలా సరిచేసి పెట్టాల్సిన బాధ్యత అతనిదే. దారి గుర్తు మీద పసుపు బాణం ఉంటే నడిచేవాళ్ళకి, నీలం బాణం ఉంటే గుర్రాలకీ సైకిళ్ళకీ కూడా. పక్కన 'ప్రైవేట్' అని బోర్డు కనబడితే చాలామంది వెనక్కి తిరిగేస్తారు, చాలాసార్లు అది బాటకి అటూ ఇటూ ఉన్న భూమి గురించే.

కొండల మీద తిరిగే హక్కుకి ఇంకో కథ ఉంది. దాన్ని నేను పీక్ డిస్ట్రిక్ట్ వెళ్ళిన ప్రతిసారీ పిల్లలకి చెప్తాను. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల నుంచి వచ్చిన వందలమంది కార్మిక కుర్రాళ్ళు కిండర్ స్కౌట్ కొండ మీదికి, పక్షుల వేట కోసం భూస్వాములు మూసి పెట్టుకున్న నేల మీదికి, కావాలనే నడిచి వెళ్ళారు. ఐదుగురు జైలుకెళ్ళారు. 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది, బాటలన్నీ పటాల్లోకి ఎక్కించమన్నదీ ఆ చట్టమే. 1951లో మొట్టమొదటి నేషనల్ పార్క్ అయింది అదే పీక్ డిస్ట్రిక్ట్. గుర్తించిన కొండలూ బీళ్ళూ బాట వదిలి కూడా తిరగొచ్చని 2000లో ఇంకో చట్టం వచ్చింది. ఇదంతా నడక గురించే. ఎక్కడ పడితే అక్కడ గుడారం వేసే హక్కు, నైరుతి మూలన ఉన్న డార్ట్‌మూర్ బీళ్ళలో కొన్ని చోట్ల తప్ప, ఇంగ్లండ్‌లో లేదు. స్కాట్లండ్ చట్టం వేరు, అక్కడ విన్నది ఇక్కడ చెల్లదు.

అపోహ: "అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నడక అంటే కుర్రాళ్ళ పని."

మోకాళ్ళకి సరిపోయే బాట ఎంచుకోవడం గైడ్ పని, మోకాళ్ళని బాటకి సరిపెట్టడం కాదు. 1892లో విలియం నెయిస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక లెక్క ఇచ్చాడు, ఇప్పటికీ అందరం అదే వాడతాం: గంటకి మూడు మైళ్ళు, ఎక్కే ప్రతి 2,000 అడుగులకి ఇంకో గంట. అది గట్టివాళ్ళ లెక్క. తాతలు, మనవలు కలిసి ఉంటే ఆ లెక్కలో తేలిన సమయానికి నేను మళ్ళీ సగం కలుపుతాను, భోజనం, టీ వేరు. రోజుకి ఐదారు మైళ్ళు చాలు. సామాను మోయక్కర్లేదు, పేరున్న దారుల్లో మీ పెట్టెల్ని ఈ బసనుంచి తర్వాతి బసకి వ్యాన్‌లో చేర్చేవాళ్ళు ఉంటారు.

మొదటిసారి నడిచే పెద్దవాళ్ళకి నేను కొండ చూపించను, కాలువ గట్టు చూపిస్తాను. బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ నుంచి బాత్ దాకా కెనెట్ అండ్ ఏవన్ కాలువ పక్కన సుమారు పది మైళ్ళు, మొత్తం చదును. ఒకప్పుడు పడవల్ని గుర్రాలు లాక్కెళ్ళిన గట్టు అది. అంతా ఒక్కరోజులో నడవాలని లేదు. మైలున్నర వెళ్ళేసరికి ఏవన్‌క్లిఫ్ వస్తుంది, చెయ్యెత్తితేనే రైలు ఆగే బుల్లి స్టేషన్, మోకాళ్ళు మొరాయిస్తే అక్కడితో ఆపేసి రైలెక్కొచ్చు. ఆ ఏవన్‌క్లిఫ్ దగ్గరే కాలువ రాతి వంతెన ఎక్కి నది మీదుగా దాటుతుంది. వైనతేయ మీద పి.గన్నవరం ఆక్విడక్ట్ చూసి పెరిగిన కోనసీమ వాళ్ళని అక్కడినుంచి కదిలించడం కష్టం, కింద నది, పైన పడవ, ఇది మాకు తెలిసిందే అంటూ మనవలకి వాళ్ళే వివరించడం మొదలుపెడతారు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది దూరం గురించి కాదు, కంచెలు దాటే చోట. చాలా పాత బాటల్లో గేటు ఉండదు, కంచె గుండా అటొక పలక ఇటొక పలక అడ్డంగా దూర్చి, పట్టుకోవడానికి పక్కన ఒక గుంజ పాతుతారు. వాన పడ్డాక ఆ పలకలు పాచిపట్టి జారతాయి. ఎక్కడం సులువే, దిగేటప్పుడే పడతారు. గుంజ వదలకుండా, వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగాలి. చీర మీద ఇది ఇబ్బంది, పైగా తడిగడ్డికి కుచ్చిళ్ళు తడిసి బరువెక్కుతాయి, సల్వారో ట్రాక్ ప్యాంటో వేసుకోమని ముందే చెప్తాను. అలాంటి కంచెలు తక్కువుండి గేట్లు ఎక్కువున్న దారులు వెతకడానికే నేను బాటలన్నీ ముందు ఒంటరిగా నడిచి చూస్తాను.

అపోహ: "అక్కడ ఎప్పుడూ వానే కదా."

ఏడాది మొత్తం మీద లండన్‌లో పడే వాన హైదరాబాద్‌లో పడేదానికన్నా తక్కువ. మనకి నాలుగు నెలల్లో కుమ్మేసేది ఇక్కడ ఏడాది పొడుగునా తుంపర్లుగా పడుతుంది, అంతే తేడా. అలాగని దేశమంతా ఒకటి కాదు, లేక్ డిస్ట్రిక్ట్‌లో సీత్‌వెయిట్ అనే పల్లెలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు దాటుతుంది. జీన్స్ ప్యాంటు మాత్రం వద్దు. తడిస్తే ఆరదు, గాలి తగిలితే వణికిస్తుంది.

అపోహ: "తిండికి చచ్చిపోతాం."

పల్లె పబ్బు అంటే మందు కొట్టే చోటు అనుకుని పిల్లలతో లోపలికి రావడానికే జంకుతారు కొందరు. అక్కడ పిల్లలతో భోజనం చేయడం మామూలు విషయం, శాకాహారం కూడా దాదాపు ప్రతిచోటా ఉంటుంది. సమస్య టైమ్‌తో వస్తుంది. చాలా పల్లె పబ్బుల్లో మధ్యాహ్నం రెండు, రెండున్నరకి వంట ఆపేస్తారు, మూడింటికి వెళ్తే చిప్స్ ప్యాకెట్టే గతి. ఇంకో మాట, ఉత్తరాన, ముఖ్యంగా యార్క్‌షైర్ వైపు, చాలా షాపుల్లో బంగాళాదుంప చిప్స్‌ని బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే గొడ్డు కొవ్వులో, వేయిస్తారు. బోర్డు మీద రాసి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, అడిగి తీసుకోండి. నా మట్టుకు నేను పులిహోరకే ఓటేస్తాను. పొద్దున చేసి డబ్బాలో పెట్టుకుంటే కొండ మీద బెంచీ దగ్గర ఆ రుచే వేరు.

అపోహ: "ఆవులేగా, ఏం చేస్తాయి."

ఇది చదివేవాళ్ళందరూ దయచేసి సీరియస్‌గా తీసుకోవాలి. మనవాళ్ళు ఆవు కనబడగానే దగ్గరికి వెళ్ళి దండం పెట్టుకుని నుదురు తాకబోతారు. మన ఇంటి ముందుకొచ్చే ఆవుకి మనుషులు అలవాటు, ఇక్కడ పచ్చికలో వదిలిన మంద అలా కాదు. దూడలున్న ఆవులు మీదికొస్తాయి, తొక్కేస్తాయి, దాదాపు ప్రతి ఏడాదీ ఈ దేశంలో ఇలా ప్రాణాలు పోతున్నాయి. మందకి, దూడకి మధ్యలోకి వెళ్ళొద్దు. చుట్టూ తిరిగి వెళ్ళండి, పరుగెత్తొద్దు. కుక్క తోడుంటే గొలుసు పట్టుకుని ఉంచండి, ఆవులు తరిమితే మాత్రం గొలుసు వదిలేయండి. వాటి కోపం కుక్క మీదే, అది తప్పించుకోగలదు, మీరు తప్పించుకోలేరు. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి, మూసి ఉంటే మూసేయండి.

అపోహ: "ఆ పల్లెలతో మనకేం చుట్టరికం?"

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ మాటే. లండన్ నుంచి గంట రైలు ప్రయాణంలో సర్రీ కొండల కింద డోర్కింగ్ అని ఒక ఊరుంది. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ చివరి రోజులు అక్కడే గడిపారు. 1803లో పుట్టిన మనిషి, 1899లో అక్కడే పోయారు, ఊరి శ్మశానంలోనే సమాధి. గోదావరి జిల్లాల్లో ఊరూరా ఆయన విగ్రహం ఉంటుంది, ఇక్కడ దారిన పోయేవాళ్ళని అడిగితే ఆ పేరు తెలియనివాళ్ళే ఎక్కువ. పొద్దున బాక్స్ హిల్ దగ్గర రైలు దిగి, మోల్ నదిలో వేసిన అడుగురాళ్ళ మీదుగా దాటి (నది పొంగితే పక్కనే చిన్న వంతెన ఉంది), ఓపిక ఉన్నవాళ్ళు కొండెక్కి, లేనివాళ్ళు కిందే నది ఒడ్డున కూర్చుని, మధ్యాహ్నానికి అందరూ కలిసి డోర్కింగ్‌లో సమాధి దగ్గరికి చేరేలా నేను ఒక రోజు నడక వేశాను. చిన్న సీసాలో గోదావరి నీళ్ళు తెచ్చుకున్నవాళ్ళని చూశాను. ఇక్కడే పుట్టిన మనవడికి తాత చెప్పే కాలువల కథలన్నీ ఆ రాయి ముందు నిలబడ్డాక వేరేగా వినిపిస్తాయి.

ఇంకో రకం చుట్టరికం ఈ మధ్య బాగా పెరిగింది. కోడలో అల్లుడో ఇంగ్లండ్ వాళ్ళైన ఇళ్ళు. వియ్యంకులు కలుస్తారు, హోటల్లో ఎదురెదురుగా కూర్చుంటారు, యోగక్షేమాలు అయ్యాక మాటలు అయిపోతాయి. అలాంటివాళ్ళకి నేను ఎప్పుడూ నడకే చెప్తాను. పక్కపక్కన నడిచేటప్పుడు మాట్లాడి తీరాలన్న టెన్షన్ ఉండదు, దారిలో కనబడిన చెట్టే మాట అందిస్తుంది. ఒక కుటుంబంలో అమ్మాయి తరఫు పూర్వీకులది డెర్బీషైర్. అందరం కలిసి స్టోనీ మిడిల్‌టన్ నుంచి ఈమ్ అనే ఊరికి నడిచాం, మైలు దూరం. 1665లో లండన్ నుంచి వచ్చిన బట్టలతో ఈమ్‌లోకి ప్లేగు వచ్చింది. మరుసటి ఏడాది అక్కడి పాస్టర్ విలియం మోంపెసన్ మాట మీద, రోగం పక్క ఊళ్ళకి పాకకుండా ఊరంతా తమని తాము దిగ్బంధం చేసుకున్నారు. బాట మధ్యలో సరిహద్దు రాయి ఉంది, దానికి ఆరు గుంటలు. అందులో వెనిగర్ పోసి, ఆ వెనిగర్‌లో నాణేలు వేసి వెళ్ళేవాళ్ళు, పక్క ఊరివాళ్ళు తిండి పెట్టి ఆ డబ్బు తీసుకునేవాళ్ళు. అంచులు అరిగి నున్నగా అయిపోయాయి ఆ గుంటలు. పెళ్ళికొడుకు తల్లి ఒకదాంట్లో వేలు పెట్టి చూసి, మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో మశూచి వచ్చినప్పుడు పొలిమేరలో ఇలాగే చేసేవారట అని మొదలుపెట్టారు. అబ్బాయి అనువదిస్తుంటే వియ్యపురాలు రాయి పక్కనే గడ్డి మీద కూర్చుండిపోయారు, ఆ తర్వాత దారంతా ఇద్దరి కబుర్లే.

అపోహ: "చర్చికి వెళ్తే పూర్వీకుల వివరాలన్నీ అక్కడే దొరుకుతాయి."

ఇలాంటి కలిసిన కుటుంబాలకి, మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన వాళ్ళ వంశస్థులకి ఇది ముఖ్యం. చర్చిల్లో బాప్తిస్మం, పెళ్ళి, ఖననం రాసిపెట్టాలన్న ఆదేశం 1538 నాటిదే, కానీ పాత రిజిస్టర్లు ఇప్పుడు చాలావరకు చర్చిలో ఉండవు, కౌంటీ రికార్డ్ ఆఫీసులో ఉంటాయి. ప్రభుత్వ జనన మరణ నమోదు 1837లో మొదలైంది. జనాభా లెక్కల పత్రాలు వందేళ్ళ తర్వాతే బయటపెడతారు, 1921వి 2022లో వచ్చాయి, 1931వి అయితే 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో వెతకాలి. ఈ పని అంతా నడకకి ముందే చేసుకుంటే ఊరికి వెళ్ళినప్పుడు ఏ ఇల్లు, ఏ బాట అని తెలిసి నడుస్తారు. సమాధి రాయి లేకపోతే నిరాశపడొద్దు, పేదవాళ్ళు చాలామందికి రాయి పెట్టించే స్తోమత ఉండేది కాదు. రాయి ఉంటే దాని మీది నాచు గీకొద్దు, అక్షరాలు ఊడిపోతాయి. ఏటవాలుగా ఎండ పడే వేళకి వెళ్తే చదవొచ్చు.

అపోహ: "ఫోన్ ఉంటే చాలు."

లోయల్లోకి దిగితే సిగ్నల్ పోతుంది. ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ పటాల సంస్థ) వాళ్ళ నారింజ అట్ట పటం, 1:25,000 స్కేలుది, కాగితం మీద ఒకటి సంచిలో ఉండాలి, పొలం గట్లతో సహా అన్నీ ఉంటాయి అందులో. కొండ మీద ప్రమాదమైతే 999కి చేసి పోలీసుల్ని, ఆపై మౌంటెన్ రెస్క్యూని అడగండి. వాళ్ళు స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు, డబ్బు తీసుకోరు. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే మాత్రం విజిటర్ వీసా వాళ్ళకి బిల్లు పడుతుంది, పెద్దవాళ్ళకి ఇన్సూరెన్స్ లేకుండా నేను నడకకి ఒప్పుకోను. మే ఆఖరు నుంచి జులై దాకా రండి, జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దు కుంకదు, ఎంత నెమ్మదిగా నడిచినా వెలుతురుండగానే బసకి చేరతారు. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి. ఆదివారం పల్లె బస్సులు చాలా దారుల్లో ఉండవు, ఆఖరి రోజుని ఆదివారం పెట్టుకోకండి.