పది రూపాయల బిళ్ళ, నిమ్మకాయ, క్రికెట్ బాల్: పోర్ట్రెయిట్ లెన్స్‌కి పెట్టే డబ్బు ఎటు పోతుంది?

మా బాబాయి కొడుకు పెళ్ళిళ్ళకి ఫొటోలు తీయడం మొదలుపెట్టి ఏడాది అవుతోంది, ఇన్నాళ్ళూ కెమెరాతో పాటు వచ్చిన ఒక కిట్ లెన్సు, ఒక 50 ఎంఎం ఎఫ్ 1.8, ఆ రెండిటితోనే నెట్టుకొచ్చాడు. మొన్న రాత్రి ఫోన్ చేసి "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో కానన్ 85 ఎఫ్ 1.8 ఒకటి దొరుకుతోంది, తీసుకోనా, లేకపోతే ఇంకొంచెం అప్పు చేసైనా 85 ఎఫ్ 1.2 ఎల్ కొట్టేయనా" అన్నాడు. రెండూ ముఖాల ఫొటోలకి వాడే పోర్ట్రెయిట్ లెన్సులే, ఎల్ అంటే కానన్‌లో ఖరీదైన వరస. ఇంకొంచెం అన్నాడు గానీ ఆ రెండూ కొత్తగా షాపుల్లో ఉన్న రోజుల్లో వాటి ధరల మధ్య నాలుగైదు రెట్ల తేడా ఉండేది. "కాస్ట్లీది అయితే షార్ప్‌గా వస్తుంది కదా" అని వాడి నమ్మకం. చాలామంది నమ్మకం కూడా అదే. గంటన్నర మాట్లాడుకున్నాం, ఆ మాటలే కొంచెం లెక్కలు కలిపి ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ నంబర్ సంగతి. ఎఫ్ 1.8 అంటే లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని (పేరులో ఉండే 50, 85 అనే మిల్లీమీటర్ల అంకె) 1.8తో భాగిస్తే వచ్చేది ఆ లెన్స్ కన్ను ఎంత పెద్దదో చెప్తుంది, అంటే ముందునుంచి లోపలికి చూస్తే కనపడే గుండ్రటి రంధ్రం వ్యాసం. 50ని 1.8తో భాగిస్తే దాదాపు 28 మిల్లీమీటర్లు, మన పది రూపాయల బిళ్ళ 27, అంటే అంతే అనుకోండి. 85ని 1.8తో భాగిస్తే 47 మిల్లీమీటర్లు, ఒక మంచి నిమ్మకాయ. 85ని 1.2తో భాగిస్తే 71 మిల్లీమీటర్లు, ఇంచుమించు క్రికెట్ బాల్. మధ్యలో ఎఫ్ 1.4 ఉంటుంది, అది 61. మనం డబ్బు పెట్టేది మొదట ఈ రంధ్రానికి, షార్ప్‌నెస్ తర్వాత సంగతి.

ఈ రంధ్రం సైజుకీ వెనక బ్లర్‌కీ ఉన్న సంబంధం నాకు చాలా ఇష్టమైన విషయం, ఇది తెలిసిన రోజు నేను రాత్రంతా పేపర్ మీద గీతలు గీసుకుంటూ కూర్చున్నా. బాగా దూరంగా, రోడ్డు చివర ఒక వీధి దీపం ఉందనుకోండి. దాన్నుంచి మన లెన్స్‌కి వచ్చే వెలుతురు దాదాపు సమాంతరంగా వస్తుంది, కాబట్టి లెన్స్ రంధ్రంలోకి దూరే ఆ వెలుగు కట్ట మొదటినుంచి చివరిదాకా రంధ్రం అంత లావే ఉంటుంది. ఇప్పుడు మధ్యలో మనిషి నిలబడ్డాడు, మనం ఆయన ముఖం మీద ఫోకస్ పెట్టాం. ఆ ముఖం ఉన్న దూరంలో ఏది ఎంత సైజులో ఉంటే, ముఖంతో పోల్చితే ఫొటోలోనూ అంతే సైజులో పడుతుంది కదా, మరి ఆ చోటులో ఆ వెలుగు కట్ట లావు ఎంత? రంధ్రం అంతే. అంటే దూరంగా ఉన్న దీపం ఫొటోలో ఒక గుండ్రటి వెలుగు బిళ్ళలా మారుతుంది, ఆ బిళ్ళ సైజు ముఖం పక్కన పెట్టి కొలిస్తే అచ్చంగా మన లెన్స్ రంధ్రం సైజే. 50 ఎఫ్ 1.8తో తీస్తే పెళ్ళికూతురి చెంప పక్కన పది రూపాయల బిళ్ళలు తేలుతున్నట్టు ఉంటాయి, 85 ఎఫ్ 1.8తో నిమ్మకాయలు, ఎఫ్ 1.2తో క్రికెట్ బాల్స్. మీ పాత ఫొటోల్లో వెనక దూరంగా లైట్లున్నది ఒకటి తీసి చూడండి, ముఖంతో పోల్చి చూస్తే లెక్క ఇట్టే సరిపోతుంది. చిన్న సెన్సర్ ఉన్న క్రాప్ బాడీ కెమెరా మీద 50 ఎంఎం పెడితే ఫ్రేమ్ 80 ఎంఎంలా బిగుతుగా కనపడుతుంది గానీ రంధ్రం మాత్రం ఆ పది రూపాయల బిళ్ళే, అందుకే "నాది కూడా ఎయిటీఫైవ్ లాంటిదే" అనుకున్నవాళ్ళకి బ్లర్ దగ్గర వెలితి అనిపిస్తుంది.

అయితే ఇదంతా బ్యాక్‌గ్రౌండ్ చాలా దూరంగా ఉన్నప్పటి మాట. మన పెళ్ళిళ్ళలో రిసెప్షన్ స్టేజి ఎలా ఉంటుందో తెలుసు కదా, కుర్చీల వెనక మీటర్ దూరంలోనే పూల డెకరేషన్ గోడ. మీరు జంటకి రెండు మీటర్ల దూరంలో నిలబడితే గోడ మీకు మూడు మీటర్లలో ఉన్నట్టు. జంట నుంచి గోడకి ఒక మీటర్, మీ నుంచి గోడకి మూడు, కాబట్టి అప్పుడు బ్లర్ బిళ్ళ రంధ్రంలో మూడో వంతే వస్తుంది: ఎఫ్ 1.8కి 16 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.2కి దాదాపు 24. ఇప్పుడు అదే జంటని బతిమాలి స్టేజి దింపి, వెనక నాలుగు మీటర్లు ఖాళీ ఉండేలా నిలబెట్టండి. ఆరు మీటర్లలో నాలుగు, కాబట్టి ఎఫ్ 1.8కే బ్లర్ రంధ్రంలో మూడింట రెండు వంతులు వస్తుంది, అంటే 31 మిల్లీమీటర్లు. చవక లెన్స్, మూడు మీటర్లు ముందుకు జరిగిన మనుషులు, ఈ రెండూ కలిసి స్టేజి మీద కాస్ట్లీ లెన్స్ ఇచ్చినదానికంటే ఎక్కువ ఇచ్చాయి. ఈ లెక్క చెప్పగానే మావాడు కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అంటే అన్నా, నేను ఇన్నాళ్ళు గోడకి ఆనించి తీసి లెన్స్‌ని తిట్టుకున్నానా" అన్నాడు. వాడొక్కడే కాదు, నేను చూసిన కొత్త ఫొటోగ్రాఫర్లలో చాలామంది ఇదే చేస్తారు.

ముఖం అందంగా రావడం అనేది కూడా లెన్స్ ధరతో వచ్చేది కాదు, దూరంతో వచ్చేది. ఫోన్‌తో అర మీటర్ నుంచి ముఖం తీస్తే ముక్కు కొస 50 సెంటీమీటర్లలో ఉంటే చెవులు 62లో ఉంటాయి, అంటే చెవుల లెక్కలో చూస్తే ముక్కు పాతిక శాతం దాకా ఎక్కువ సైజులో పడుతుంది. రెండు మీటర్ల నుంచి తీస్తే ఆ తేడా ఆరు శాతమే. రెండు మీటర్ల నుంచి నిలబడి ముఖం, భుజాలు ఫ్రేమ్ నిండా రావాలంటే ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద 85 చుట్టుపక్కల కావాలి, ఎయిటీఫైవ్ పోర్ట్రెయిట్ లెన్స్ అయింది అందుకే. ఈ గుణం ఎఫ్ 1.8లోనూ ఎఫ్ 1.2లోనూ ఒకటే.

పెద్ద రంధ్రం మీద మనుషుల ఆశ ఎప్పుడు మొదలైందో చూస్తే మరీ ఆశ్చర్యం, అది బ్లర్ కోసం కాదు. 1839లో డాగెర్ పద్ధతి (వెండి పూత రేకు మీద ఫొటో తీసే తొలినాటి పద్ధతి) బయటికొచ్చినప్పుడు కెమెరా లెన్సులు దాదాపు ఎఫ్ 15 దగ్గర ఉండేవి, ముఖం ఫొటో కావాలంటే మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి. వియన్నాలో లెక్కల ప్రొఫెసర్ జోసెఫ్ పెట్జ్వాల్ ఆ పని మీద పడ్డాడు. అందాజాగా అద్దాలు అరగదీసి చూడటం కాకుండా వెలుతురు కిరణాల దారిని కాగితం మీద లెక్కగట్టి లెన్స్ డిజైన్ చేశాడు, ఆ లెక్కల గుణకారాలకి ఫిరంగి దళంలో గణితం వచ్చిన సైనికుల్ని సాయం ఇచ్చారు. 1840లో ఫోక్ట్‌లెండర్ కంపెనీ తయారుచేసిన ఆ లెన్స్ సుమారు ఎఫ్ 3.6. పాతదానికంటే పదిహేను రెట్ల పైన వెలుతురు! నిమిషాలు పట్టే ముఖం మంచి వెలుతురులో నిమిషం లోపుకి దిగింది. ఆ లెన్స్‌కి ఒక లోపం ఉంది, మధ్యలో షార్ప్‌గా ఉండి అంచులకి వెళ్ళేకొద్దీ కరిగిపోయేది, ఫోకస్ పడే తలం చదునుగా కాకుండా గిన్నెలా వంగి ఉండేది. ముఖం మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఆ కరిగిపోవడమే జనానికి నచ్చింది. పోర్ట్రెయిట్ లెన్స్ అనే మాట పుట్టిన నాడే అందంలో సగం ఒక లోపం నుంచి వచ్చింది.

మరి రంధ్రం నిమ్మకాయ నుంచి క్రికెట్ బాల్ అయితే ధర అంత ఎందుకు పెరగాలి? గోళాకారంగా అరగదీసిన అద్దం అంచుల నుంచి వచ్చే కిరణాల్ని మధ్యనుంచి వచ్చేవాటికంటే దగ్గరగా కలుపుతుంది, దానివల్ల ఫొటోలో వచ్చే మసక రంధ్రం వ్యాసం ఘనంతో పెరుగుతుంది. వ్యాసం ఒకటిన్నర రెట్లు అయితే మసక మూడు రెట్ల పైన. దాన్ని అణచాలంటే గోళం కాని వంపుతో ఒక అద్దం కావాలి, ఎఫ్ 1.2 ఎల్‌లో అలాంటిది అరగదీసి చేసింది ఒకటి ఉంటుంది, ఆ పని సామాన్యమైంది కాదు. 1992లో వచ్చిన 85 ఎఫ్ 1.8 బరువు 425 గ్రాములు, 2006లో వచ్చిన ఎఫ్ 1.2 ఎల్ రెండో వెర్షన్ 1025 గ్రాములు. కిలో పైన! అంత గాజుని మోటర్ జరపాలి కాబట్టి దాని ఆటోఫోకస్ నెమ్మది, ఎఫ్ 1.8 టక్కున పట్టేస్తుంది. తలంబ్రాలు పోసుకునేటప్పుడు ఎవరి చెయ్యి ఎటు లేస్తుందో తెలియదు, అక్కడ చవకదే గెలుస్తుంది, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

షార్ప్‌నెస్ సంగతి కూడా చెప్పాలి. ఎఫ్ 1.8 లెన్స్‌ని పూర్తిగా తెరిచి, అంటే ఎఫ్ 1.8 దగ్గరే పెట్టి, తెల్లటి మల్లెపూల దండ తీస్తే నల్లటి జడ మీద పూల అంచులకి వంగపండు రంగు గీత వస్తుంది, వెనకవైపు ఫోకస్ తప్పిన వెండి సామానుకి ఆకుపచ్చ అంచు వస్తుంది. వేరువేరు రంగుల వెలుతురు వేరువేరు దూరాల్లో ఫోకస్ అవడం వల్ల అలా అవుతుంది. పట్టుచీర జరీ మీద ఇది మరీ కనపడుతుంది, నేను ఒక ఆల్బమ్‌లో నలభై ఫొటోలకి జరీ మీద ఊదా రంగు తుడుచుకుంటూ కూర్చున్న రోజు ఉంది. అయితే ఎఫ్ 1.2 ఎల్‌కి మారితే ఇది పోతుందా అంటే, పోదు, ఆ లెన్స్ కూడా పూర్తిగా తెరిస్తే ఈ రంగు అంచులు బాగానే ఇస్తుంది. కానన్ 2019లో తన మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల ఆర్ఎఫ్ మౌంట్‌కి తెచ్చిన 85 ఎఫ్ 1.2 ఎల్‌లో నీలం రంగుని వేరుగా వంచే పదార్థం వాడి దీన్ని బాగా తగ్గించారు, దాని బరువు 1195 గ్రాములు. ఎపర్చర్‌ని, అంటే ఆ రంధ్రాన్ని, ఎఫ్ 2.8కి చిన్నది చేస్తే 1.8 లెన్స్‌లోనూ ఈ గీతలు చాలావరకు తగ్గిపోతాయి, అక్కడ ఈ రెండు లెన్సుల ఫొటోలు పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం నాకు కష్టమే.

కాస్ట్లీ లెన్స్ చేతికొచ్చాక అందరూ దాన్ని పూర్తిగా తెరిచి వాడతారు, అక్కడ ఇంకో చిక్కు. మా నాయనమ్మకి ఒకసారి అద్దెకి తెచ్చిన ఎఫ్ 1.2తో ఫొటో తీశా. గుమ్మం దగ్గర పీట మీద కూర్చుంది, పక్కనుంచి పొద్దుటి ఎండ, ముఖం కొంచెం పక్కకి తిప్పింది, నేను ఒకటిన్నర మీటర్ దూరంలో ఉన్నా. కెమెరా వెనక చూస్తే అద్భుతం అనిపించింది. కంప్యూటర్‌లో పెద్దది చేస్తే ముక్కుపుడకలో రాయి ఒక్కొక్క పలక లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది, కళ్ళు రెండూ మెత్తగా కరిగిపోయాయి. ఆ దూరంలో ఎఫ్ 1.2కి ఫోకస్ నిలిచే మందం రెండు సెంటీమీటర్లు, ఎఫ్ 1.8కి మూడు పైచిలుకు. తల పక్కకి తిరిగితే రెండు కళ్ళ మధ్యే నాలుగు సెంటీమీటర్ల లోతు తేడా వస్తుంది, ఇక ఏ లెన్స్ ఏం చేస్తుంది? మళ్ళీ ఎఫ్ 4కి దించి తీశా, అప్పుడు కళ్ళు దొరికాయి. ఇప్పటి మిర్రర్‌లెస్ బాడీలు కంటిని వెతికి పట్టుకుంటాయి కాబట్టి ఫోకస్ తప్పడం తగ్గింది, కానీ రెండో కన్ను మసకగా ఉండటాన్ని అవి కూడా ఆపలేవు.

ఎఫ్ 1.2 నిజంగా గెలిచే చోటు వెలుతురు. రంధ్రం వైశాల్యం లెక్కన ఎఫ్ 1.8కంటే 2.25 రెట్ల వెలుతురు లోపలికొస్తుంది. తెల్లవారుజామున మూడింటికి ముహూర్తం, మండపంలో వీడియో లైటు ఆపేశారు, దీపాలు, హోమం మంట తప్ప ఏమీ లేవు, ఎఫ్ 1.8తో ఐఎస్ఓ (చీకట్లో కెమెరా వెలుతురుని పెంచి చూపే అంకె) 6400 పెట్టాల్సిన చోట ఎఫ్ 1.2తో 2800 దగ్గర సరిపోతుంది. ఐఎస్ఓ పెంచితే వచ్చే గ్రెయిన్‌లో, అంటే చుక్కల మసకలో, ఒంటి రంగు చెడిపోకుండా ఉంటుంది. అలాంటి పనులు నెలకి నాలుగు వస్తుంటే ఆ డబ్బు వృథా కాదు. ఇంకోటి, మంచి డిజైన్‌లో షార్ప్ నుంచి బ్లర్‌లోకి జారే తీరు, చెవి దగ్గర మొదలై భుజం దాకా మెల్లగా కరిగే ఆ జారుడు, అది అంకెల్లో చెప్పలేను గానీ కంటికి తెలుస్తుంది, దానికి డబ్బు పెట్టేవాళ్ళని నేను తప్పుపట్టను.

ఈ మధ్య తేడాలు తగ్గుతున్నాయి కూడా. సోనీలో 2017 నాటి 85 ఎఫ్ 1.8 బరువు 371 గ్రాములు, అమెరికాలో 599 డాలర్లకి వచ్చింది, అంతకు ఏడాది ముందు వచ్చిన 85 ఎఫ్ 1.4 జీఎం (సోనీలో ఖరీదైన వరస) 820 గ్రాములు, 1799 డాలర్లు. మూడు రెట్ల డబ్బుకి వచ్చే వెలుతురు 1.65 రెట్లు. 2024లో వచ్చిన జీఎం రెండో వెర్షన్ 642 గ్రాములకి దిగింది, ధర దిగలేదు.

మావాడికి చివరికి నేను చెప్పింది 85 ఎఫ్ 1.8 తీసుకోమని, మిగిలిన డబ్బుతో ఒక ఫ్లాష్, దాని వెలుతురుని మెత్తబరిచే ఒక మంచి సాఫ్ట్‌బాక్స్ కొనుక్కోమని, చీకటి ముహూర్తం ఉన్న పెళ్ళికి ఎఫ్ 1.2ని ఒక్కరోజు అద్దెకి తెచ్చుకోమని. తెచ్చుకున్న రోజు రెండు జాగ్రత్తలు చెప్పా. ఆ ఎఫ్ 1.2 ఎల్ రెండో వెర్షన్ వెనక గాజు చాలా పెద్దది, మౌంట్ దాకా వచ్చేసి ఉంటుంది, లెన్స్ మార్చేటప్పుడు హడావిడిలో బాడీ అంచు తగిలితే గీత పడుతుంది. దాని ఫోకస్ రింగ్ కూడా కరెంటుతోనే పనిచేస్తుంది, కాబట్టి కెమెరా ఆఫ్ చేయకముందే ఫోకస్‌ని చివరిదాకా తిప్పి ముందుకొచ్చిన గొట్టం లోపలికి వెళ్ళాకే ఊడదీసి బ్యాగ్‌లో పెట్టాలి.